రెండు నదుల నడుమ లియోన్ పట్టణము

ఫ్రాన్సు దేశమనగానే మనవారికి పారిస్ పట్టణము, అక్కడి ఈఫిల్ గోపురము గుర్తుకు వస్తాయి. కాని సంఘచరిత్ర కొంచెమైనా చదివినవారికి ఆ దేశములో మరొక ఊరి పేరు ముందుగా మనస్సులో మెదులుతుంది. అది లియోన్. పారిస్‌కు ఆగ్నేయముగా 400 కిలోమీటర్ల దూరములో, రోన్, సోన్ అను రెండు నదులు కలిసే చోట ఉన్నది ఆ పట్టణము. రోన్ నది స్విట్జర్లాండు మంచుకొండలలో పుట్టి, జెనీవా సరస్సులోనుండి దూసుకొని వస్తుంది. సోన్ నది మాత్రము పెద్దముత్తైదువలాగా నెమ్మదిగా నడచి వస్తుంది. రెండింటి నడుమ నాలుకలాంటి సన్నని భూభాగము, పడమట ఒక కొండ, ఉత్తరాన ఒక కొండ. ఇంతే ఆ పట్టణపు ఆకారము. దీనిని మనస్సులో ఉంచుకొంటే తక్కిన సంగతులన్నీ తేలికగా అర్థమవుతాయి.

గత సంవత్సరము మే మాసములో జెనీవాలో జరిగిన ఒక క్రైస్తవ సదస్సుకు మన ప్రాంతమునుండి ముగ్గురము వెళ్లాము. ఇద్దరము పాస్టర్లము, ఒకరు సంఘపెద్ద. పెద్దగారు చేనేత కుటుంబమునుండి వచ్చినవారు, వారి చిన్నతనమంతా మగ్గము గుంటలో కాళ్లు పెట్టుకొనియే గడిచింది. సదస్సు ముగిసిన తరువాత మూడు రోజులు చేతిలో మిగిలాయి. జెనీవా నుండి లియోన్‌కు రైలులో రెండు గంటల ప్రయాణము. దేవుని కృపనుబట్టి ఆ అవకాశము మాకు కలిగినది.

పడమటి కొండ పేరు ఫూర్వియేర్. తాడుతో లాగబడే చిన్న రైలు ఒకటి మనుష్యులను పైకి చేరవేస్తుంది. క్రీస్తుపూర్వము 43లో ముణాటియస్ ప్లాంకస్ అను రోమా సేనాధిపతి ఈ కొండమీదనే లుగ్దునము అను పేరుతో పట్టణమును స్థాపించాడు. అప్పటి నాటకశాల ఇప్పటికీ ఉన్నది. పదివేలమంది కూర్చుండగల రాతిమెట్లు కొండవాలులో అర్ధచంద్రాకారముగా ఉన్నాయి. శతాబ్దములపాటు మట్టిక్రింద, ద్రాక్షతోటలక్రింద మరుగైపోయిన ఆ కట్టడమును 1933 నుండి త్రవ్వి బయటికి తీశారు. వేసవిలో ఆ మెట్లమీదనే కూర్చొని జనులు నేటికీ సంగీతము వింటారు.

బైబిలు చదువరులకు ఇక్కడ ఒక సంగతి చెప్పవలెను. అపొస్తలుల కార్యములు 11వ అధ్యాయములో అగబు ప్రవచించిన కరవు ఎవరి కాలములో వచ్చినది? క్లౌదియ చక్రవర్తి కాలములో. 18వ అధ్యాయములో అకుల ప్రిస్కిల్లలు రోమా విడిచి కొరింథుకు ఎందుకు వచ్చారు? యూదులందరు రోమా విడిచి వెళ్లవలెనని ఆజ్ఞ ఇచ్చినది ఆ క్లౌదియయే. ఆయన క్రీస్తుపూర్వము 10వ సంవత్సరములో ఈ లియోన్‌లోనే జన్మించాడు. నాటకశాల ప్రక్కనే ఉన్న వస్తుప్రదర్శనశాలలో ఒక పెద్ద కంచు పలక ఉన్నది. గాలు దేశపు పెద్దలకు కూడ రోమా సెనేటులో చోటు ఇవ్వవలెనని క్రీస్తుశకము 48లో క్లౌదియ చేసిన ప్రసంగము దానిమీద చెక్కబడియున్నది. 1528లో ఒక ద్రాక్షతోటలో అది దొరికినదట. లాటిను అక్షరాలు నిన్న చెక్కినట్లు స్పష్టముగా ఉన్నాయి. ప్రిస్కిల్ల సామాను మూటకట్టుకొనునట్లు చేసిన మనిషి మాటలు మా కళ్లయెదుట ఉన్నాయని అనుకొంటే, అపొస్తలుల కార్యములు ఎంతో దగ్గరగా వచ్చినట్లు అనిపించినది.

మరొక పేరు కూడ ఈ ఊరితో ముడిపడియున్నది. యేసు ప్రభువును అపహసించి పిలాతు నొద్దకు తిప్పి పంపిన హేరోదు అంతిపను రోమా చక్రవర్తి క్రీస్తుశకము 39లో గాలు దేశములోని లుగ్దునమునకు వెళ్లగొట్టాడని యూదుల చరిత్రకారుడైన యోసేపు వ్రాశాడు. అయితే అదే పేరుగల మరొక పట్టణము పిరనీసు పర్వతములవద్ద ఉండెను గనుక, హేరోదు వెళ్లినది అక్కడికే కావచ్చునని కొందరు పండితులు చెబుతారు. ఏ లుగ్దునమైతేనేమి, గలిలయను ఏలినవాడు ఇంత దూరము వచ్చి పడ్డాడు.

కొండకొమ్మున తెల్లగా మెరిసే బసీలికా 19వ శతాబ్దపు కట్టడము. లోపల బంగారు రంగు, రంగుల గాజులు, పాలరాయి ఎక్కడ చూచినా నిండియున్నాయి. యాత్రికులు ముందుగా చూచేది దానినే. మాకు మాత్రము దాని గోడవద్ద నిలువబడి క్రిందికి చూచిన దృశ్యమే ఎక్కువగా నచ్చినది. ఎర్రని పెంకుల కప్పులు, రెండు నదులు, వాటిమీద వంతెనలు కనబడతాయి. మబ్బు లేని రోజున దూరాన ఆల్ప్స్ పర్వతముల మంచు కూడ కనబడునట.

మేము ముఖ్యముగా చూడగోరిన స్థలము ఈ కొండమీద లేదు. సోన్ నది దాటి, ఉత్తరపు కొండయైన క్రువా-రూస్ వాలులో, ఇండ్ల నడుమ ఉన్నది. మూడు గాలు రాష్ట్రముల యాంఫీథియేటరు అని దాని పేరు. అక్కడ ఇప్పుడు మిగిలినవి కొన్ని రాతిగోడలు, కొంచెము గడ్డినేల, మధ్యను నిలిపిన ఒక కొయ్య స్తంభము. చుట్టు ఇనుప కంచె. చూచుటకు పావుగంట చాలు. ఇది ఫలానా కట్టడమేనని చాలకాలము రూఢిగా తెలియలేదు. 1958లో త్రవ్వకములలో ఒక శిలాశాసనము దొరికిన తరువాతనే ఆ సందేహము తీరినది.

క్రీస్తుశకము 177లో, మార్కస్ అరేలియస్ చక్రవర్తి కాలములో, ఇక్కడ జరిగినదానిని చూచినవారే వ్రాసిపెట్టారు. లియోన్, వియెన్ సంఘముల విశ్వాసులు ఆసియ, ఫ్రుగియ ప్రాంతముల సహోదరులకు ఒక ఉత్తరము పంపారు. యూసేబియస్ తన సంఘచరిత్రలో ఐదవ గ్రంథములో దానిని భద్రపరచాడు గనుక అది మన చేతికి వచ్చినది. ఆ ఉత్తరమునుబట్టి చూస్తే శ్రమ ఒక్క దినములో రాలేదు. మొదట క్రైస్తవులను స్నానశాలలకు, సంతలకు రానివ్వలేదు. తరువాత వీధులలో రాళ్లు, దెబ్బలు, దోపిడి. ఆ తరువాత చెరసాల. కొందరు క్రైస్తవుల ఇండ్లలోని అన్యులైన పనివారు చిత్రహింసలకు భయపడి, తమ యజమానులు నరమాంసము తిందురని, చెప్పరాని పాపములు చేయుదురని అబద్ధసాక్ష్యము పలికారు. దానితో ఊరంతా రెచ్చిపోయినది.

ఆ సంఘపు బిషప్పు పొతీను. ఆయన వయస్సు తొంబది దాటినది, ఊపిరి అందని స్థితి. అధిపతి ఎదుటికి ఆయనను మోసికొని వెళ్లారు. తిరిగి వచ్చునప్పుడు జనులు చేతికి దొరికినదానితో కొట్టారు. రెండు దినములకు చెరసాలలోనే కన్నుమూశాడు. సాంక్తుసు అను పరిచారకుడు, నీ పేరేమి, ఏ ఊరు, దాసుడవా స్వతంత్రుడవా అని ఎన్ని ప్రశ్నలు వేసినా, నేను క్రైస్తవుడను అను ఒక్క మాటనే జవాబుగా చెప్పాడు. అత్తాలు అను రోమా పౌరుడు ఉండెను. పౌరులను మృగములకు వేయకూడదు, శిరచ్ఛేదము మాత్రమే చేయవలెను. అయినను జనులను సంతోషపెట్టుటకు అధిపతి అతనిని మృగములకు అప్పగించాడు.

ఇక బ్లందీనా. ఆమె ఒక దాసి, శరీరమునందు బలహీనురాలు. ఆమె యజమానురాలు కూడ విశ్వాసురాలే, ఆమె కూడ పట్టుబడినది. ఈ పిల్ల నిలువలేదేమో, ఒప్పుకొనలేదేమో అని ఆ యజమానురాలు దిగులుపడినదని ఉత్తరములో ఉన్నది. కాని ఉదయమునుండి సాయంకాలమువరకు వంతులవారీగా బాధించినవారు అలసిపోయారు గాని ఆమె లొంగలేదు. ఆమెను మ్రానుకు వ్రేలాడదీసి మృగములను వదిలితే అవి ముట్టలేదు. మరల చెరసాలకు తీసికొనిపోయారు. చివరి దినమున పొంతికు అను 15 ఏండ్ల బాలునితోకూడ ఆమెను తీసికొని వచ్చారు. ఆమె ఆ బాలుని అక్కవలె ధైర్యపరచి, ముందుగా అతనిని సాగనంపి, అందరికంటె చివరను తాను వలలో చుట్టబడి ఎద్దు కొమ్ములకు బలియైనది. హతసాక్షుల దేహములను ఆరు దినములు బయట పడవేసి, తరువాత కాల్చి, బూడిదను రోన్ నదిలో కలిపారు. పాతిపెట్టుటకు ఏమియు మిగలకూడదని, పునరుత్థానమునుగూర్చిన వారి నిరీక్షణను ఎగతాళి చేయవలెనని అలా చేశారు.

మన ఆదివారపు పాఠశాలలలో ఈ కథ చెప్పునప్పుడు సాధారణముగా మనము విడిచిపెట్టే సంగతి ఒకటి ఉన్నది. మొదటి విచారణలో సుమారు పదిమంది విశ్వాసమును విడిచిపెట్టారు. ఉత్తరము దానిని దాచలేదు. దుఃఖముతో చెప్పినది గాని వారిని దూషించలేదు. చెరసాలలో ఉన్నవారు పడిపోయిన వారికొరకు కన్నీటితో ప్రార్థించగా, వారిలో చాలమంది రెండవ విచారణలో తిరిగి ఒప్పుకొని ప్రాణము పెట్టారు. ఒకసారి తప్పిన వానిని ఇక సంఘము గుమ్మము త్రొక్కనివ్వని పద్ధతి మన ఊళ్లలో కొన్నిచోట్ల ఉన్నది. ఆ కొయ్య స్తంభము ఎదుట నిలిచినప్పుడు మాకు బ్లందీనా కంటె ఆ పదిమందియే ఎక్కువగా జ్ఞాపకము వచ్చారు.

ప్రకటన గ్రంథములోని ఏడు సంఘములు మీకు తెలుసు. అత్తాలు పెర్గమువాడు. పొతీను తరువాత బిషప్పు అయిన ఐరేనియసు తన బాల్యములో స్ముర్నలో పొలికార్పు బోధ విన్నవాడు, ఆ పొలికార్పు యోహానును ఎరిగినవాడు. అంటే యోహానుకు, లియోన్ సంఘమునకు మధ్య ఒక్క తరమే ఉన్నది. తాను కెల్టు జనుల మధ్య నివసిస్తూ వారి మొరటు భాషకు అలవాటుపడ్డానని, గనుక తన రచనలో సొగసు వెదకవద్దని ఐరేనియసు తన గ్రంథము మొదటిలో వ్రాసుకొన్నాడు. గ్రీకు మాటలాడే ఆసియవాడు పల్లె జనుల భాష నేర్చుకొన్నాడన్న మాట.

భాష సంగతి వచ్చినది గనుక ఇదే ఊరి మరొక మనిషిని తలంచుకొనవలెను. 12వ శతాబ్దములో ఇక్కడ వాల్దో అను ధనవంతుడైన వర్తకుడు ఉండెను. సుమారు 1173లో, వీధి గాయకుడొకడు పాడిన ఒక భక్తుని కథ విని మనస్సు కదిలి, తన ఆస్తిని పంచిపెట్టాడు. అంతకంటె ముఖ్యముగా, ఇద్దరు పండితులకు డబ్బిచ్చి సువార్తలను, మరి కొన్ని గ్రంథములను లాటినులోనుండి బజారులో జనులు మాటలాడే భాషలోనికి మార్పించాడు. అతనితో చేరినవారు ఇద్దరిద్దరుగా ఊళ్లు తిరిగి ప్రకటించారు. వారికి లియోన్ పేదలు అని పేరు వచ్చినది. అనుమతి లేకుండ ప్రకటించకూడదని ఆర్చిబిషప్పు ఆజ్ఞాపించాడు, వారు మానలేదు, ఊరినుండి వెళ్లగొట్టబడ్డారు. 1184లో వెరోనాలో జరిగిన సభ వారిని మతభ్రష్టులుగా ప్రకటించినది. తరువాత కొన్ని వందల ఏండ్లు ఇటలీ ఆల్ప్స్ లోయలలో తలదాచుకొన్నారు. వారి సంఘము నేటికీ ఉన్నది. లూథరుకు 300 ఏండ్లకు పైగా ముందే పుట్టిన సంఘమది. 2015లో పోపు ఫ్రాన్సిస్ ట్యూరిన్‌లోని వారి ఆలయమునకు వెళ్లి, గతములో జరిగినదానికొరకు క్షమించుమని అడిగారు.

తెర్రో అను పెద్ద కూడలి పట్టణమునకు గుండెకాయవంటిది. ఒక ప్రక్క 17వ శతాబ్దపు పురపాలక భవనము, మధ్యలో నాలుగు గుర్రములు లాగుచున్న రథముతో పెద్ద ఫౌంటెన్. న్యూయార్కు స్వేచ్ఛాప్రతిమను చేసిన బార్తోల్దీయే దీనిని చేశాడు. చుట్టు కాఫీ దుకాణములు, ఫొటోలు తీసికొను యాత్రికులు. ఈ కూడలిలో 1553 మే 16న ఐదుగురు యౌవనస్థులు సజీవదహనము చేయబడ్డారు. వారు లొజాన్ పట్టణములో వేదాంతము చదువుకొని, తమ స్వస్థలములలో సువార్త చెప్పవలెనని బయలుదేరి, 1552 మేలో లియోన్‌లో పట్టుబడినవారు. ఒక సంవత్సరము చెరలో ఉన్నారు. కాల్విను వారికి ఉత్తరములు వ్రాశాడు. బెర్న్ ప్రభుత్వము ఫ్రాన్సు రాజును బతిమాలినది. ఫలితము లేకపోయినది.

సరిగా అదే సంవత్సరము అక్టోబరులో, మేము బయలుదేరి వచ్చిన జెనీవాలో, కాల్విను ఆమోదముతోనే సెర్వేటస్ అను వైద్యుని అతని బోధనుబట్టి కాల్చివేశారు. ఆ సెర్వేటస్ లియోన్‌కు దక్షిణాన ఉన్న వియెన్ పట్టణములో వైద్యము చేసినవాడు, లియోన్ ముద్రణాలయములకు బైబిలు సిద్ధపరచినవాడు. మే మాసపు మంటలను జ్ఞాపకముంచుకొని అక్టోబరు మంటలను మరచిపోవుట ప్రొటెస్టంటులమైన మనకు తగదు. మా తోటి పాస్టరుగారు ఈ మాట ఇంకా గట్టిగా అన్నారు, దానిని ఇక్కడ వ్రాయడము లేదు.

సోన్ నది ఒడ్డున పాత లియోన్ ఉన్నది. ఇరుకు వీధులు, 15, 16 శతాబ్దముల ఇండ్లు, లోపల మెలికలు తిరిగిన రాతిమెట్లు. 1998లో యునెస్కో ఈ పాత పట్టణమును ప్రపంచ వారసత్వ స్థలముగా ప్రకటించినది. అక్కడ పరిశుద్ధ యోహాను కెథీడ్రల్ 1180 ప్రాంతమున ఆరంభమై ముగియుటకు 300 ఏండ్లు పట్టినది. లోపల 14వ శతాబ్దపు గడియారము ఒకటి సూర్యచంద్రుల గమనమును చూపునట్లు అమర్చబడినది. అయితే ముఖద్వారము ఎదుట నిలిచి చూస్తే తలలు లేని దేవదూతలు, ఖాళీ గూళ్లు కనబడతాయి. "కాలము పాడుచేసినదా అయ్యగారూ?" అని పెద్దగారు అడిగారు. కాదు. 1562లో ప్రొటెస్టంటు సైన్యము పట్టణమును పట్టుకొన్నప్పుడు సుత్తెలతో కొట్టినవి అవి. ఒక సంవత్సరముపాటు ఊరు వారి చేతిలో ఉన్నది.

పదేండ్లకు ఆ వంతు తిరిగి వచ్చినది. 1572 ఆగస్టు 24న పారిస్‌లో ప్రొటెస్టంటుల సంహారము జరిగినది. ఆ వార్త లియోన్ చేరిన కొద్దిదినములకే ఇక్కడ చెరసాలలో పెట్టినవారిని వందలకొలది చంపి రోన్ నదిలో పడవేశారు. అందులో గూదిమెల్ అను సంగీతకారుడు ఉండెను. జెనీవా సంఘము పాడుకొను కీర్తనలకు నాలుగు స్వరములు కూర్చినవాడు ఆయనే.

ఆ రెండు ఘటనల మధ్య ప్రొటెస్టంటులు కట్టుకొన్న ఒక ఆలయపు చిత్రము జెనీవాలో ఉన్నది. 1564లో కట్టి, 1567లో పడగొట్టబడిన ఆలయమది. పేరు పరదైసు. గుండ్రని చెక్క కట్టడము, మధ్యను బోధకుడు, ఆయన ప్రసంగపీఠముమీద ఇసుక గడియారము, చుట్టు స్త్రీలు, పురుషులు, పిల్లలు. వారి మధ్య ఒక కుక్క కూడ కూర్చొని ప్రసంగము వింటున్నది! మన పల్లె ప్రార్థనామందిరములలో కూడ ఇటువంటి శ్రోతలు తరచుగా ఉంటారు గనుక ఆ చిత్రము మాకు పరాయిగా తోచలేదు.

1598లో నాంత్ శాసనముతో ఫ్రాన్సు ప్రొటెస్టంటులకు కొంత నెమ్మది దొరికినది. 1685లో 14వ లూయీ దానిని రద్దు చేశాడు. ఎందరో పట్టు నేతగాళ్లు, వర్తకులు జెనీవాకు, లండనుకు, బెర్లినుకు పారిపోయారు. ఫ్రెంచి విప్లవము తరువాతనే మరల బహిరంగముగా ఆరాధించు స్వేచ్ఛ కలిగినది. 1803లో లియోన్ ప్రొటెస్టంటులకు ప్రభుత్వము అప్పగించిన కట్టడము పాత పట్టణములో ఉన్నది. అది 18వ శతాబ్దములో సూఫ్లో అను శిల్పి రూపకల్పన చేసిన రూకలు మార్చువారి భవనము! దేవాలయములోనుండి రూకలు మార్చువారిని ప్రభువు వెళ్లగొట్టాడు గాని, ఇక్కడ వారి భవనమే ఆలయమైనది.

ఇక పెద్దగారు ఎదురుచూచిన స్థలము. క్రువా-రూస్ కొండను అక్కడివారు పనిచేసే కొండ అంటారు, ఫూర్వియేర్‌ను ప్రార్థించే కొండ అంటారు. 1536లో ఫ్రాన్సిస్ రాజు అనుమతితో పట్టునేత ఈ ఊరిలో స్థిరపడినది. 19వ శతాబ్దములో నేతగాళ్లు ఈ కొండమీదికి చేరారు. వారిని కానూలు అంటారు. వారి ఇండ్లు ఇప్పటికీ ఉన్నాయి. గదుల ఎత్తు సుమారు 4 మీటర్లు. ఎందుకంత ఎత్తు? మగ్గముమీద జకార్డు పెట్టె కూర్చుండవలెను గనుక.

అవును, ధర్మవరములోను, మన ఇతర నేత ఊళ్లలోను పట్టుచీరల అంచు, కొంగు నేయుటకు వాడే జకార్డు ఈ ఊరి మనిషి పేరే. జోసెఫ్ మారీ జకార్డు 1752లో లియోన్‌లో ఒక నేతగాని ఇంట పుట్టాడు. 19వ శతాబ్దము మొదటి సంవత్సరములలో ఈ యంత్రమును సిద్ధపరచాడు. ముందువారు చేసినవాటిని కలిపి, సరిదిద్ది, పనికివచ్చునట్లు చేశాడు. రంధ్రములు వేసిన అట్టలు ఒకదాని వెంట ఒకటి తిరుగుతాయి. రంధ్రము ఉన్నచోట సూది లోపలికి పోతుంది, ఆ పడుగు దారము లేస్తుంది. రంధ్రము లేనిచోట దారము లేవదు. అట్టలమీది రంధ్రములే పువ్వై, నెమలియై బట్టమీదికి వస్తాయి. అంతకుముందు మగ్గము ప్రక్కన ఒక మనిషి, అనేకసార్లు చిన్నపిల్లలు, దారములు లాగుతూ దినమంతా ఉండవలసి వచ్చేది. లెక్కలు చేసే యంత్రమును తలపెట్టిన ఆంగ్లేయుడు బాబేజ్ ఈ అట్టల పద్ధతినే తీసికొన్నాడు గనుక, నేటి కంప్యూటరుకు దీనిని తాతగా చెబుతారు.

అక్కడ ఒక నేతశాలలో పాత మగ్గముమీద నేసి చూపిస్తారు. ఆ శబ్దమును లియోన్‌వారు బిస్తాంక్లాక్ అని అనుకరిస్తారట. మగ్గము ఆడగానే పెద్దగారు ముందుకు వంగారు. నాడె ఒకవైపునుండి మరొకవైపు పోవుచుంటే చేతివ్రేళ్లు ఆడించారు. నేయుచున్న ఆమెకు తెలుగు రాదు, ఈయనకు ఫ్రెంచి రాదు. అయినను పడుగును, అచ్చును, అట్టలను చూపించుకొంటూ ఇద్దరు అరగంట మాటలాడుకొన్నారు. బయటికి వచ్చిన తరువాత పెద్దగారు అన్నారు, "అయ్యగారూ, మగ్గము ఎవరిది, పట్టు ఎవరిది అని అడగండి." అడిగాము. మగ్గము నేతగానిది, పట్టు వర్తకునిది, కూలి బట్టనుబట్టి. "అయితే మన సంగతే" అన్నారాయన. షావుకారు నూలు ఇచ్చి, చీరకు ఇంత అని కూలి కట్టే పద్ధతి మన నేతవారికి చెప్పనక్కరలేదు.

1831లో కూలి మరీ పడిపోయినది. నేతగాళ్లు కనీసపు రేటు నిర్ణయించుమని కోరారు. జిల్లా అధికారి ఇరుప్రక్కలవారిని కూర్చుండబెట్టి రేట్ల పట్టిక తయారుచేయించాడు. వర్తకులలో అనేకులు ఆ పట్టికను అంగీకరించలేదు. నవంబరు 21న నేతగాళ్లు కొండ దిగి వచ్చారు. రెండు దినములు పోరాటము జరిగి, ఇరువైపుల వందమందికి పైగా మరణించారు, పట్టణము నేతగాళ్ల చేతికి వచ్చినది. దోపిడి జరుగకుండ వారే కాపలా కాశారు. కాని రాజు పెద్ద సైన్యమును పంపాడు, పట్టిక రద్దయినది. 1834 ఏప్రిలులో మరల తిరుగుబాటు జరిగినది, ఈసారి ఫిరంగులు ప్రయోగించారు. జకార్డు అదే సంవత్సరము ఆగస్టులో కన్నుమూశాడు. ఆయన యంత్రము మొదట వచ్చినప్పుడు తమ పని పోవునని నేతగాళ్లు దానిని వ్యతిరేకించారు. ఈనాడు అదే కొండమీద ఆయన విగ్రహము ఉన్నది.

కొండనుండి క్రిందికి వచ్చుటకు వీధులేగాక ఇండ్ల లోపలినుండి పోవు సందులు కూడ ఉన్నాయి. త్రబూల్ అంటారు. ఒక వీధిలో తలుపు త్రోసి లోనికి పోతే చీకటి నడవా, తరువాత ముంగిలి, మెట్లు, చివరకు మరొక వీధిలో తేలుతాము. పట్టు తానులను వానలో తడవకుండ మోసికొని పోవుటకు ఇవి బాగుగా పనికివచ్చాయి. రెండవ ప్రపంచయుద్ధములో జర్మను సైనికులనుండి తప్పించుకొనుటకు మరింత పనికివచ్చాయి.

ఆ యుద్ధకాలమునకు గురుతు మోంలూక్ చెరసాల. 2010 నుండి అది స్మారకస్థలముగా ఉన్నది. గెస్టపో అధికారి క్లౌస్ బార్బీ ఇక్కడ వేలమందిని బంధించాడు. 1944 ఏప్రిల్ 6న ఇజ్యూ అను పల్లెలోని బాలల గృహమునుండి 44 మంది యూదుల పిల్లలను లారీలలో ఎక్కించి ఇక్కడికి తెచ్చారు. మరుసటి దినము ఇక్కడినుండి పంపివేశారు. ఆ పిల్లలలో ఒక్కరును తిరిగి రాలేదు. బార్బీ 1987లో ఈ పట్టణములోనే విచారింపబడి యావజ్జీవ శిక్ష పొంది, 1991లో చెరలో మరణించాడు.

ఇక్కడ ఉంచబడినవారిలో రోలాన్ ద్ పురీ అను ప్రొటెస్టంటు పాస్టరు ఒకరు. 1940 జూలై 14న, ఫ్రాన్సు ఓడిపోయిన కొద్ది వారములకే, ఆయన తన సంఘములో ఎనిమిదవ ఆజ్ఞమీద ప్రసంగించి, అన్యాయమును మౌనముగా ఒప్పుకొను దేశము ఆ ఆజ్ఞ మీరుచున్నదని ధైర్యముగా చెప్పాడు. ఆయన ఇంటిలో యూదులు దాగియున్నారు. 1943 మే 30, ఆదివారము, ఆరాధనకు వచ్చిన ఆయనను గెస్టపో ఆలయములోనే పట్టుకొన్నది. ఐదు నెలలు ఒంటరి గదిలో ఉన్నాడు. ఆయన స్విట్జర్లాండువాడు గనుక బందీల మార్పిడిలో విడుదల పొందాడు. మేము ఆ గదులను చూశాము. చేతులు చాపితే రెండు గోడలు తగులుతాయి. మేమిద్దరము పాస్టర్లము గనుక ఆయన స్థానములో మేముంటే ఆ జూలై 14న ఏ వాక్యము ఎంచుకొనేవారము అని మాటలాడుకొన్నాము. ఇద్దరి జవాబులును మాకు తృప్తి కలిగించలేదు.

ఆదివారము ఒక ప్రొటెస్టంటు సంఘములో ఆరాధనకు వెళ్లాము. ఫ్రాన్సులో ప్రొటెస్టంటులు నూటికి ఇద్దరు ముగ్గురు మాత్రమే. 2013లో అక్కడి లూథరను, సంస్కరణ సంఘములు ఒక్కటై ఐక్య సంఘముగా ఏర్పడ్డాయి. 1947లో దక్షిణ ఇండియా సంఘము ఏర్పడిన విధము మాకు జ్ఞాపకము వచ్చినది. ఆ ఉదయము వచ్చినవారు డెబ్బదిమంది ఉండవచ్చు. సగముమంది ఆఫ్రికా, మడగాస్కరు దేశములవారు. వృద్ధురాలొకామె మా చేతికి పాటల పుస్తకము ఇచ్చి, పాట సంఖ్యను వ్రేలితో చూపించినది. ఆర్గను మొదలైనది.

పెద్దగారు మా చొక్కా పట్టి లాగారు. "అయ్యగారూ, ఇది మన రాగమేగదా!" అన్నారు. నిజమే. ఆరాధన ముగింపులో మనలో అనేక సంఘములు స్తుతిగీతముగా పాడుకొను ఆ పాత రాగము 1551లో జెనీవా కీర్తనల పుస్తకములో అచ్చయినది. గూదిమెల్ దానికి నాలుగు స్వరములు కూర్చి, కొద్ది ఏండ్లకే ఈ ఊరిలో చంపబడ్డాడు. ఆ సంగతి పెద్దగారి చెవిలో చెప్పుటకు సమయము లేదు, అప్పటికే ఆయన పాడుచున్నారు. ముందు వరుసలోని ఇద్దరు పిల్లలు తిరిగి చూశారు. వారు ఫ్రెంచిలోను, మేము ముగ్గురము తెలుగులోను ఆఖరి చరణమువరకు పాడాము.